నగర చిహ్నంపై పీనుగల కొంగ

1896లో కలకత్తా నగరపాలక సంస్థకు ఒక అధికార చిహ్నం మంజూరయింది. ఇంగ్లండులోని సంప్రదాయాన్ని అనుసరించి రూపొందిన ఆ చిహ్నంలో డాలుకు ఇరుప్రక్కలా నిలబడినవి సాధారణంగా కనిపించే సింహాలో, గుర్రాలో కావు. బోడితల, బారెడు ముక్కు, ఆ ముక్కున కరచిన పాముతో రెండు పొడవుకాళ్ళ కొంగలు. బ్రిటిష్ ఇండియా రాజధాని తన గౌరవ చిహ్నానికి కాపుగా కళేబరాలు తిని బ్రతికే పక్షిని ఎన్నుకోవటం వింతగానే తోస్తుంది. కాని ఆనాటి కలకత్తావాసికి అందులో వింత ఏమీ లేదు. అతడు వేసవిలోను, వర్షర్తువులోను ఇంటి కప్పులపైన, కోట గోడలపైన, కసాయి దుకాణాల ముంగిట రోజూ చూసే పక్షే అది.

దాని పేరు హర్గిలా. ఎముకను మ్రింగేది అని అర్థం. ఎముకకు 'హడ్డ' అనీ, మ్రింగటానికి 'గిల' అనీ వాడుక తెలిసినవారికి ఈ పేరు విడమరచి చెప్పనవసరం లేదు. ఆంగ్లేయులు దాని ఠీవిగల నడకను చూసి, కవాతు మైదానంలో పచార్లు చేసే సైనికాధికారిని తలచుకొని 'అడ్జుటెంట్' అన్నారు. తెలుగువారు మొగమాటం లేకుండా 'పీనుగల కొంగ' అన్నారని పందొమ్మిదవ శతాబ్దపు పక్షిశాస్త్ర గ్రంథాలు నమోదు చేశాయి. నిలబడితే దాదాపు ఐదడుగుల ఎత్తు, రెక్కలు చాపితే ఎనిమిది అడుగుల వెడల్పు. తలపైన, మెడపైన ఈకలు లేకపోవటం రాబందుకు వలెనే దీనికీ కుళ్ళిన మాంసంలో తల దూర్చటానికి వీలు కల్పించింది. మెడ క్రింద ఎఱ్ఱగా వ్రేలాడే సంచి చూపరులకు మరింత జుగుప్స కలిగించేది.

వన్యప్రాణులు నగరాలకు ఎందుకు వస్తాయి, వచ్చి ఎట్లా నిలుస్తాయి అనే ప్రశ్నకు నేడు సాధారణంగా వినిపించే సమాధానం ఒకటే: అడవులు తరిగిపోయాయి, అవి దారి తప్పి వచ్చాయి. అనేక సందర్భాలలో ఇది నిజమే. అయితే చరిత్రను పరిశీలిస్తే మరొక రకపు రాక కూడా ఉన్నదని తెలియవస్తుంది. నగరం తనకు తెలియకుండానే విస్తరి పరుస్తుంది. ఆ విస్తరి ముందు కూర్చోగల ప్రాణి వచ్చి కూర్చుంటుంది. హర్గిలా చరిత్ర ఇటువంటిది. ఆ పక్షి ఎట్లా వచ్చిందన్న దానికంటె ఎట్లా వెళ్ళిపోయిందన్నది పరిపాలనలో ఉన్నవారికి ఎక్కువ ఆలోచన కలిగించే అంశమని నా అభిప్రాయం.

పందొమ్మిదవ శతాబ్దపు తొలి సగంలోని కలకత్తాను ఊహించుకోవాలి. ఒక వంక చౌరంగీ సౌధాలు, 1803లో పూర్తయిన గవర్నమెంట్ హౌస్. మరొక వంక తెరచిన మురుగు కాలువలు, వీధి మలుపుల్లో పోగులుపడిన చెత్త, ఎక్కడ చచ్చిన పశువును అక్కడే వదలివేసే అలవాటు. దహనానికి కట్టెలు కొనలేని పేదలు శవాలను హుగ్లీ నదిలో వదిలేవారు. ఆస్పత్రులలో చనిపోయిన అనాథల శవాలకు సైతం నదే గతి. ఈ మొత్తం వ్యర్థాన్ని తొలగించే బాధ్యతను నక్కలు, కాకులు, గ్రద్దలు, రాబందులు, హర్గిలాలు పంచుకొన్నాయి. గవర్నమెంట్ హౌస్ పిట్టగోడలపైన, దాని ద్వార తోరణాల మీది సింహాల శిల్పాలపైన ఈ కొంగలు బారులుగా నిలబడి ఉండటం ఆనాటి చిత్రకారులకు ఇష్టమైన దృశ్యం. గవర్నర్ జనరల్ నివాసంపై పీనుగల కొంగలు కొలువుతీరటంలో వ్యంగ్యం చూడాలనుకొన్నవారు చూడవచ్చు. ఆనాటి పాలకులకు మాత్రం అది అలవాటైన వినోదం.

ఈ పక్షి శరీరంలో నగరం కోసం ఏ మార్పూ రాలేదు. మారినది దాని బెరుకు. ఊరి బయట మనిషి అలికిడికి ఎగిరిపోయే జాతి ఇక్కడ కసాయివాడి చేతికి అందేటంత దగ్గరగా నిలబడటం నేర్చింది. సైనికుల వంటశాల నుండి ఎముకలు బయట పడవేసే వేళ దానికి తెలిసేది. రడ్యార్డ్ కిప్లింగ్ 1895లో వెలువరించిన రెండవ 'జంగిల్ బుక్'లో ఒక కథ ఉంది. అందులో ఈ కొంగ అమెరికా నుండి ఓడలో వచ్చిన మంచుగడ్డను మ్రింగి, లోపల పుట్టిన చలికి తట్టుకోలేక గంతులు వేస్తుంది. కథ కల్పితమే అయినా ఓడ కల్పితం కాదు. 1833 నుండి అమెరికాలోని బోస్టన్ వ్యాపారులు సరస్సుల మంచును కోసి కలకత్తాకు తెచ్చి అమ్మేవారు. రేవులో ఏది క్రింద పడినా నోట కరచుకొనే పక్షి అక్కడ ఉన్నదని పాఠకులందరికీ తెలుసు గనుకనే ఆ కథ పండింది.

నగరం ఈ సేవకు ప్రతిఫలంగా రక్షణ ఇచ్చింది. హర్గిలాను చంపినవానికి 50 రూపాయల జరిమానా విధించారు. ఆ రోజులలో అది ఒక కూలివానికి ఎన్నో నెలల వేతనం. ఈ నిబంధన వృథాగా పుట్టినది కాదు. తోచుబాటు లేని సైనికులు ఎముకలో మందు దట్టించి, వత్తి అంటించి ఈ పక్షి ముందు వేసిన ఉదంతాలు ఉన్నాయి. దాని తోక అడుగున ఉండే మెత్తని తెల్లటి ఈకలకు ఐరోపాలో మంచి గిరాకీ కూడా ఉండేది. బెంగాలులోని కుమార్‌ఖాలి పేరును చెడగొట్టి 'కమర్‌కాలీ' అనే పేరుతో వాటిని ఎగుమతి చేసేవారు. ఏ విధంగా చూసినా ఇది మన దేశంలో పట్టణ పాలన ఒక అడవి పక్షిని తన ఉద్యోగిగా గుర్తించిన అరుదైన సందర్భం. జీతం లేని ఉద్యోగి, అంతే.

అయితే ఈ ఉద్యోగి ఏడాది పొడవునా హాజరులో ఉండేది కాదు. వానలు వెలిసి చలి ప్రవేశించగానే హర్గిలాలు నగరం విడచి వెళ్ళేవి. తిరిగి ఎండలు ముదిరినప్పుడు వచ్చేవి. ఎక్కడికి వెళతాయి, ఎక్కడ గూళ్ళు కడతాయి అన్నది నగరవాసులకు చాలాకాలం పట్టలేదు. 1870లలో బర్మాలోని పెగూ ప్రాంతంలో, సిట్టాంగ్ నది వైపు అడవులలో, మహావృక్షాలపై లెక్కకు అందనన్ని హర్గిలాలు గూళ్ళు కట్టుకొని ఉండటాన్ని బ్రిటిష్ పరిశీలకులు వర్ణించారు. ఆ పక్షికి కలకత్తా వంటిల్లు మాత్రమేనని, పురిటిల్లు వేరే ఉన్నదని అప్పుడు లోకానికి తెలిసింది. తెలిసినా పరిపాలన పరంగా జరిగినదేమీ లేదు. 50 రూపాయల జరిమానా పట్టణ పొలిమేరతో ఆగిపోయింది. పెగూ చెట్లకు ఏ నిబంధనా లేదు.

సరిగ్గా ఈ దశాబ్దాలలోనే కలకత్తా తన వంటింటిని కూడా మార్చుకోసాగింది. కలరా భయం, ఐరోపాలో ప్రబలిన పారిశుద్ధ్య ఉద్యమం, 1857 తరువాత కంపెనీ పాలన పోయి రాణి పాలన రావటం - ఇవన్నీ కలసి నగర నిర్వహణను కొత్త దారి పట్టించాయి. ఇంజనీరు విలియం క్లార్క్ రూపొందించిన భూగర్భ మురుగు కాలువల పథకం పని 1859లో ఆరంభమై 1875 నాటికి ప్రధానంగా పూర్తయింది. పల్తా నుండి వడకట్టిన నీరు 1870 నాటికి నగరానికి చేరింది. చెత్తను రైలు పెట్టెలలో తూర్పున ఉన్న ధాపా బీడులకు తరలించసాగారు. 1864లో శానిటరీ కమిషన్ అధ్యక్షుడు జాన్ స్ట్రాచీ కలకత్తా స్థితిని తీవ్రంగా గర్హిస్తూ నివేదిక వ్రాశాడు. నదిలో శవాలు వదలటాన్ని అరికట్టే చర్యలు ఊపందుకొన్నాయి. అదే ఏడు నిమ్‌తలా దహనవాటికను నగరం వెలుపలికి మార్చాలన్న ప్రభుత్వ సంకల్పాన్ని రామ్‌గోపాల్ ఘోష్ వంటి ప్రముఖులు గట్టిగా ఎదిరించి ఆపగలిగారు. అంటే మనుష్యుల అంత్యక్రియలు ఎక్కడ జరగాలన్న విషయంలో వాదించటానికి మనుష్యులు ఉన్నారు. ఎముకల కుప్పలు ఎక్కడికి పోవాలన్న విషయంలో వాదించేవారు ఎవరూ లేరు. ఉండాలని ఎవరికీ తోచలేదు కూడా.

ఆ సంస్కరణలను నేను తప్పు పట్టటం లేదు. మురుగు కాలువలు, వడకట్టిన నీరు ఎన్ని ప్రాణాలు నిలిపాయో ఎరిగినవారెవరూ పాత కలకత్తా తిరిగి రావాలని కోరుకోరు. చెప్పదలచినది వేరు. ఒక వైపు చట్టం పక్షిని చంపరాదన్నది. మరొక వైపు పారిశుద్ధ్య శాఖ దాని ఆహారాన్ని తొలగించింది. సముద్రానికి ఆవలి వైపున దాని గూళ్ళు ఉన్న అడవి ఎవరి లెక్కలోనూ లేదు. పెగూలోని ఆ గూళ్ళ వనం క్రమంగా క్షీణించి 1930ల నాటికి పూర్తిగా కనుమరుగయింది. కలకత్తాలో హర్గిలా ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దాలకే అరుదైపోయింది. ఈ రెండు కారణాలలో ఏది ఎంత అన్నదానిపై పక్షిశాస్త్రజ్ఞులలో ఏకాభిప్రాయం లేదు. చరిత్ర విద్యార్థిగా నాకు తోచేది, వీటిని విడదీసి తూచటం కష్టమని: గూడు పోయిన జాతి నగరంలో తగ్గుతుంది, తిండి తగ్గిన నగరానికి మిగిలినవి రావు. ఏమైనా 1896లో నగరం డాలుకు ఇరుప్రక్కలా నిలబెట్టుకొన్న పక్షి ఒక తరం గడిచేసరికి ఆ చిహ్నంపైనే మిగిలింది.

ఇటువంటి కథ మరొక రాజధానిలో, మన కళ్ళ ముందే, ఇంకా పెద్ద ఎత్తున జరిగింది. 1967లో సోవియట్ పక్షిశాస్త్రజ్ఞుడు గలూషిన్ ఢిల్లీలో 150 చదరపు కిలోమీటర్ల ప్రాంతంలో వేట పక్షుల గూళ్ళను లెక్కించాడు. సుమారు 2,900 జంటలు తేలాయి. వాటిలో దాదాపు 2,400 గ్రద్ద జంటలు, 400 తెల్లవీపు రాబందు జంటలు. ఏ మహానగరంలోనూ ఇంత సాంద్రత ఎరుగమని ఆనాటి శాస్త్రలోకం ఆశ్చర్యపోయింది. గోవు మాంసం తినని అధిక సంఖ్యాకులు, చచ్చిన పశువును ఊరి వెలుపల వదిలే ఆచారం, తోలు తీసుకొనే వృత్తివారు, ఎముకలు ఏరుకొనేవారు - ఈ గొలుసులో రాబందు ఒక కొక్కెం. హర్గిలాకు వలె దానికి ప్రత్యేక జరిమానా అవసరపడలేదు. దాన్ని చంపాలని ఎవరూ అనుకోలేదు.

చంపినది మందు. పశువుల నొప్పులకు వాడే డైక్లోఫెనాక్ 1990లలో విరివిగా అందుబాటులోకి వచ్చింది. ఆ మందు పడిన పశువు కొద్ది రోజులలో చనిపోతే, ఆ కళేబరాన్ని తిన్న రాబందు మూత్రపిండాలు పాడై మరణిస్తుంది. భరత్‌పూర్‌లోని కేవలాదేవ్ ఉద్యానంలో రాబందులు తగ్గిపోతున్నాయని 1990లలోనే గమనించినా, కారణం 2004లో గాని శాస్త్రీయంగా రుజువు కాలేదు. 2006లో భారత ప్రభుత్వం పశువైద్యంలో ఆ మందును నిషేధించింది. అప్పటికి 1992తో పోలిస్తే తెల్లవీపు రాబందులు వెయ్యింటికి ఒకటి కూడా మిగలలేదు. 2023లో కీటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్ అనే మరి రెండు మందులపైనా పశువైద్యంలో నిషేధం వచ్చింది. పింజోర్‌లోను, మన హైదరాబాదులోని నెహ్రూ జంతు ప్రదర్శనశాలలోను రాబందుల పెంపక కేంద్రాలు ఏర్పడ్డాయి. బొంబాయి మలబార్ హిల్‌పై పార్సీలు తమ మృతులను రాబందులకు అప్పగించే ఆచారం చిక్కులో పడి, సూర్యకాంతిని కేంద్రీకరించే అద్దాలను ఆశ్రయించవలసి వచ్చింది. 2024లో వెలువడిన ఒక ఆర్థికశాస్త్ర అధ్యయనం, రాబందులు పోవటంవల్ల 2000-2005 మధ్యకాలంలో మన దేశంలో సుమారు ఐదు లక్షల అదనపు మానవ మరణాలు సంభవించాయని అంచనా వేసింది. అంచనాను తగ్గించి చూసినా అది చిన్న సంఖ్య కాదు.

అదే ఢిల్లీలో గ్రద్దలు మాత్రం నిలిచాయి. కారణం స్పష్టమే. గ్రద్దకు పెద్ద కళేబరం అక్కరలేదు, చిన్న ముక్క చాలు. పాత ఢిల్లీలో దానధర్మంగా మాంసపు ముక్కలను పైకి విసిరే ఆచారం ఉంది. ఆ పేటలకు దగ్గరగా గ్రద్దల గూళ్ళు దట్టంగా ఉన్నట్లు ఇటీవలి పరిశోధనలు చూపాయి. ఈద్గా కబేళాను గాజీపూర్‌కు తరలించిన తరువాత అక్కడి చెత్తకొండపై వేల సంఖ్యలో గ్రద్దలు తిరగటం రోజూ కనబడే దృశ్యం. ఒకే నగరం, ఒకే ఆకాశం. ఒక జాతికి ఆధారమైన ఆచారం చెదరలేదు, మరొక జాతికి ఆధారమైన ఆచారంలోకి విషం చేరింది.

బొంబాయి చిరుతల విషయం అందరికీ తెలిసినదే గనుక ఒక్క మాటతో సరిపెడతాను. సంజయ్ గాంధీ జాతీయ ఉద్యానం విస్తీర్ణం సుమారు 104 చదరపు కిలోమీటర్లు. అక్కడి చిరుతలు పగలు అడవిలో ఉండి, రాత్రి బస్తీ అంచులలో కుక్కలను వేటాడతాయి. 2004లో మనుష్యులపై దాడులు పెచ్చుపెరిగినప్పుడు, ఇతర ప్రాంతాలలో పట్టిన చిరుతలను తెచ్చి అక్కడ వదలటం కూడా ఒక కారణమని తరువాతి పరిశీలనలు సూచించాయి. ఇల్లు తెలియని చోట వదిలిన మృగం నగరాన్ని నేర్చుకోలేదు. అక్కడే పుట్టినది నేర్చుకొంటుంది.

తిరిగి హర్గిలా దగ్గరకు వద్దాము. ఆ పక్షి అంతరించలేదు. నేడు అది ప్రధానంగా మూడుచోట్ల గూళ్ళు కడుతున్నది: అస్సాంలో, బీహారులోని భాగల్పూర్ ప్రాంతంలో, కంబోడియాలో. భాగల్పూర్ గూళ్ళు 2006లో మాత్రమే వెలుగులోకి వచ్చాయి. వీటిలో అస్సాం పక్షుల జీవితం పాత కలకత్తా జీవితాన్ని ఆశ్చర్యకరంగా గుర్తుచేస్తుంది. గువాహటి నగరపు చెత్తను ఎన్నో ఏళ్ళపాటు బోరగాఁవ్ వద్ద, డీపర్ బీల్ సరస్సు ప్రక్కనే కుమ్మరించేవారు. ఆ కుప్పపై చెత్త ఏరుకొనే పేదలు, ఆవులు, హర్గిలాలు ఒకే వరుసలో వెతుక్కొనే ఛాయాచిత్రాలు లోకమంతటా ప్రచారమయ్యాయి. కలకత్తాకు, గువాహటికి ఒక ముఖ్యమైన తేడా ఉంది. ఇక్కడ గూళ్ళు సముద్రానికి ఆవల లేవు. కామరూప జిల్లాలోని దాదరా, పచారియా, సింగిమారి గ్రామాలలో, ఇండ్ల పెరళ్ళలోని కదంబ వృక్షాలపై ఉన్నాయి.

పెరటి చెట్టుపై పీనుగల కొంగ గూడంటే ఇంటివారికి అది వేడుక కాదు. పైనుండి రెట్ట, జారిపడే మాంసపు ముక్కలు, కుళ్ళు వాసన, పైగా అపశకునమన్న భయం. చెట్టు నరికివేయటమే సులభమైన మార్గం. అట్లాగే నరికేవారు కూడా. పూర్ణిమాదేవి బర్మన్ అనే జీవశాస్త్రజ్ఞురాలు ఈ గ్రామాల స్త్రీలను కూడగట్టిన వైనం ఇప్పుడు సుప్రసిద్ధం. ఆమె పక్షిశాస్త్రం పాఠాలతో ఆరంభించలేదు. గర్భిణికి చేసే వేడుకను గూడు కట్టిన పక్షికి జరిపించారు. మగ్గంపై నేసే గమోసాలు, మేఖలా చాదర్లపై హర్గిలా బొమ్మ చేరింది. గూటినుండి జారే పిల్లల కోసం చెట్ల క్రింద వలలు కట్టారు. ఈ మూడు గ్రామాలలో 28గా ఉన్న గూళ్ళు 250 దాటాయి. ఆమెకు 2017 సంవత్సరపు నారీశక్తి పురస్కారం, 2022లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం వారి పురస్కారం లభించాయి. 2023లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య ఈ పక్షి స్థాయిని మెరుగుపరచి, అంతరించే ప్రమాదంలో ఉన్నవాటి జాబితా నుండి తప్పించింది. మన శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో ఊరి చెట్లపై గూళ్ళు కట్టే కొంగలను, గూడబాతులను గ్రామస్థులు పురిటికి వచ్చిన ఆడపడుచులుగా చూసుకొనే తీరు ఎరిగినవారికి ఈ పద్ధతి అపరిచితంగా తోచదు.

అంటే కలకత్తా ఏది పట్టించుకోలేదో ఆ పురిటింటిని దాదరా స్త్రీలు కాపాడారు. ఇక మిగిలినది వంటిల్లు. డీపర్ బీల్ 2002 నుండి రామ్‌సర్ ఒప్పందం క్రింద గుర్తింపు పొందిన చిత్తడినేల. దాని ప్రక్కన చెత్త పోయటం సరస్సుకు విషం. అక్కడి బస్తీవాసుల ఊపిరితిత్తులకూ విషమే. జాతీయ హరిత ట్రిబ్యునల్ జోక్యం, 2016 నాటి ఘనవ్యర్థాల నిర్వహణ నియమాల ఒత్తిడి వల్ల నగరపాలక సంస్థ 2021 నుండి చెత్తను వేరొకచోటికి మళ్ళించసాగింది. ఇది జరగవలసిన పనే. 1859లో క్లార్క్ కాలువల వలెనే. చెత్తను వేరుచేసి, తడి చెత్తను ఎరువు చేసి, కబేళా వ్యర్థాలను మూసిన యంత్రాలలో మరిగించే ఏర్పాటు పూర్తయిన నాడు ఆ కుప్పపై ఎముకలు దొరకవు.

హర్గిలాకు కుప్ప ఒక్కటే దిక్కు కాదన్నది ఆశాజనకమైన విషయం. పిల్లలను పెంచే కాలంలో అది వరిచేలలోను, బీల్‌లోను చేపలు, కప్పలు, పాములు పట్టి తెస్తుంది. కనుక చెత్త పోయిన తరువాత ఆ పక్షి నిలుస్తుందా అన్నది సరస్సులో చేపలు ఎంత మిగులుతాయి, సరస్సు ఒడ్డున ఎంత నేల పూడ్చివేత నుండి తప్పుకొంటుంది అన్న దానిపై ఆధారపడి ఉంది. చెత్తకు కొత్త స్థలం ఎంపికచేసే దస్త్రంలో భూమి విస్తీర్ణం, దూరం, రవాణా వ్యయం, సమీప నివాసాల సంఖ్య అనే గడులు ఉంటాయి. బీల్‌లోని చేపలు మరొక శాఖ దస్త్రంలో, పెరటి కదంబం రెవెన్యూవారి పట్టాలో, పక్షి అటవీ శాఖవారి లెక్కలో ఉంటాయి. ఏటా వర్షాలు వెనుకబట్టగానే దాదరా కదంబాలపై పక్షులు పుల్లలు పేర్చటం మొదలుపెడతాయి. అక్కడినుండి అవి ఉదయం ఏ దిక్కుకు ఎగురుతున్నాయో చూసి వ్రాసుకొంటున్నది ప్రస్తుతానికి ఆ గ్రామాల స్త్రీలే.